నలభై ఒకటో రాయి దగ్గర రాళ్లత్త

తప్పు నాదే. ముందే ఒప్పేసుకుంటే తిట్లు కాస్త తగ్గుతాయని ఆశ.

సర్వే ఆఫీసులో నేను టెంపరరీ గుమాస్తాని. ఏడాదికోసారి హద్దు అవతలి ఆఫీసుకి ఒక ఉత్తరం పంపాలి: ఫలానా తేదీన ఉమ్మడి తనిఖీ, మీ ఉద్యోగిని పంపండి అని. నేను పోయినేటి ఉత్తరం తెరిచి, కింద అధికారి పేరు మార్చి, తేదీ మార్చడం మరిచిపోయి పంపేశాను. పంపేసి, పెద్ద పని అయిపోయినట్టు చేతులు దులుపుకుని, పక్క సీటాయన గొడుగులో కాగితం ముక్కలు నింపుతూ కూర్చున్నాను. ఆ గొడుగు తెరిచిన రోజు ఆఫీసంతా నవ్వింది. ఉత్తరం సంగతి మాత్రం ఎవరికీ నవ్వు తెప్పించేది కాదు.

దానికి బలైంది మా మేనత్త. ఆఫీసులో అందరూ ఆవిణ్ణి రాళ్లత్త అంటారు. ఎదురుగా అనరు.

మాది కొండలకీ సముద్రానికీ మధ్య ఇరుకున పడ్డట్టుండే ప్రాంతం. ఉత్తరాన అవతలి వాళ్ల నేల మొదలవుతుంది. ఒకప్పుడు అక్కడ ఏరే హద్దు. పాతకాలం పాలకులిద్దరు ఏటి నడుమ గీత గీసుకుని, విందు భోంచేసి వెళ్లిపోయారు. ఏటికి మాత్రం ఎవరూ చెప్పలేదు. రెండు వరదలకి అది మైలు దూరం జరిగిపోయింది. గీత పొలాల్లో మిగిలింది. దాని మీద నలభై ఒక్క రాళ్లు పాతారు. మొదటిది కొండ మొదట్లో, ఆఖరిది అలలు తగిలే ఇసుకలో. మొత్తం పదిహేడు కిలోమీటర్లు.

ఏటా ఇవతలి మనిషి ఒకరు, అవతలి మనిషి ఒకరు ఆ గీత పొడుగునా కలిసి నడవాలి. గొలుసుతో కొలవాలి, ఒకరి పుస్తకంలో ఇంకొకరు సంతకం పెట్టాలి. రెండో సంతకం లేని పుస్తకం చెల్లదు. ఈ ఏడు పై ఆఫీసు ఇంకో మెలిక పెట్టింది. నెలాఖరులోగా పుస్తకం చెల్లుబాటుగా రాకపోతే తనిఖీ ఎత్తేసి, ఉపగ్రహం ఫొటోలతో సరిపెట్టుకుంటారట. అంటే ఇక నడక ఉండదు.

ఇరవై రెండేళ్లుగా ఇవతలి మనిషి మా అత్తే. అవతలి మనిషీ మారలేదు. ఆయన పేరు ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు, 'అవతలాయన' అంటుంది. హద్దు ఉద్యోగులు సొంతంగా ఫోన్లూ ఉత్తరాలూ నడుపుకోకూడదని రూలు. కాబట్టి మూడు రోజులు నడవడం, మళ్లీ ఏడాదికి కనబడటం.

మిగతా రోజులు ఆవిడ ఆఫీసు వెనక క్వార్టర్లో గడుపుతుంది. ఒక గదిలో మంచం, ఇంకో గదిలో పాత పటాలు. రెండో కుర్చీ మీద ఎప్పుడూ ఫైళ్లే. ఎవరైనా వెళితే నిలబడే మాట్లాడి రావాలి. అందుకే ఎవరూ వెళ్లరు. ఎవరూ రారు కాబట్టి ఆవిడా ఫైళ్లు తియ్యదు. నేను వెళితే కిటికీ గట్టెక్కి కూర్చుంటాను, "కోతికి కుర్చీ ఎందుకులే" అంటుంది.

పోయినేడు గొడుగు పట్టుకునే వంకతో నేనూ వెంట నడిచాను. ఆవిడ గీతకి ఇవతల, ఆయన అవతల, మధ్యలో గొలుసు. మా అత్త అంత వాగుతుందని నాకు ఆరోజే తెలిసింది.

"మేడంగారూ, మీవైపు ఎండ ఎక్కువ కాస్తున్నట్టుంది," అన్నాడాయన చెమట తుడుచుకుంటూ.

"ఎండ మీవైపే ఉంది సారూ. మీ బొజ్జ నీడలో నేను చల్లగా నడుస్తున్నా."

ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆఖరి రాయి దగ్గర సంతకం పెడుతూ మాత్రం నవ్వలేదు. "వచ్చే ఏటిదే నా చివరి నడక. తర్వాత ఎవర్ని వేస్తారో, అసలు వేస్తారో లేదో."

"అయితే మంచి చెప్పులు వేసుకు రండి. సగంలో కూలబడితే మొయ్యడం నా వల్ల కాదు," అంది అత్త.

ఈ ఏడు మొదటి రాయి దగ్గర ఆవిడ పొద్దున్నే నిలబడింది. మధ్యాహ్నం దాకా చూసింది. బస్సు లేటేమో, దారిలో కలుస్తాడేమో అనుకుని ఒక్కతే బయలుదేరింది. గొలుసు ఇద్దరు పట్టేది. ఒక్క మనిషైతే ఒక కొస మేకుకి తగిలించి ముందుకెళ్లి, కొలత రాసుకుని, వెనక్కొచ్చి మేకు పీకి, మళ్లీ ముందుకెళ్లాలి. పదిహేడు కిలోమీటర్లు ఆవిడ కాళ్లకి యాభై ఒకటయ్యాయి. దారంతా అవతలివైపు ఒక్క మనిషి లేడు, అయినా ఆవిడ గీత దాటి అడుగు వెయ్యలేదు. ఆయన నడిచే చోటు ఖాళీగా వదిలేసి, ఇవతలే నడిచింది.

మూడో రోజు, అంటే నెలాఖరు రోజు, నేను అనుమానం వచ్చి పంపిన ఉత్తరం కాపీ తీసి చూసుకున్నాను. అవతలి ఆఫీసుకి ఫోన్ చేశాను.

"దాని మీద పోయినేటి తేదీ ఉందండీ. పాత కాగితమని ఫైల్లో పెట్టేశాం," అన్నాడొకాయన. "ఆయనా? ఇవాళే రిటైర్మెంటు, మిగిలిన సెలవు వాడుకుని మొన్న సోమవారమే దిగిపోయాడు. ఈ ఏడు కబురు రాలేదేంటని నాలుగుసార్లు అడిగాడు పాపం. సామాను సర్దుకుని కొడుకు దగ్గరికి వెళ్లిపోయాడు."

బండి మీద ఇసుక దాకా వెళ్లాను. నలభై ఒకటో రాయి పక్కన అత్త చెప్పులు విప్పి కూర్చుంది. మడమలు పగిలి ఉన్నాయి. నన్ను చూసి లేవబోయి, వచ్చింది నేనేనని తెలిశాక మళ్లీ కూర్చుంది. నేను దాచకుండా మొత్తం చెప్పాను. ఆవిడ సముద్రంవైపే చూస్తూ వింది.

"నాలుగుసార్లు అడిగాడా?" అంది.

"అడిగాడట."

తిట్టి ఉంటే బాగుండేది. నాకు తెలిసిన ఒకే ఒక్క విద్య బయటికి తీశాను.

"అత్తా, పుస్తకం ఇలా ఇవ్వు. ఆయన సంతకాలు ఇరవై ఒకటి ఉన్నాయిగా, చూసి దించేస్తాను. ఆయనే వచ్చినా నాదే అంటాడు. ఆఫీసు మూసేలోపు ఇచ్చేద్దాం. వచ్చే ఏడు కూడా నీ రాళ్లు నీకుంటాయి."

అత్త పుస్తకం తెరిచింది. తన గడిలో సంతకం పెట్టింది. రెండో గడిలో 'హాజరు కాలేదు, తప్పు మాది' అని రాసి, మూసి, సంచిలో పెట్టుకుంది.

"రాళ్లు లెక్కపెట్టడానికి రెండో మనిషి దేనికిరా, నాకు లెక్కలు రాకా?" అంది. "పక్కన నడిచే మనిషిని పోగొట్టావు. ఇప్పుడాయన సంతకం తెచ్చిస్తానంటావేంటి?"