అత్తయ్య మోకాళ్ళకు చాలినంత దూరం

ఆ రోజుల్లో మా దివిసీమ మనుషులు ఏ ఊరెళ్ళినా చుట్టాలింట్లోనే దిగేవాళ్ళు. చుట్టాలు లేని ఊరికి అసలు వెళ్ళేవాళ్ళే కాదు. డబ్బిచ్చి ఒకరి కప్పు కింద పడుకోవడమంటే ఆ ఊళ్ళో మనకి ఎవరూ లేరని మన నోటితో మనమే ఒప్పుకోవడం అన్నమాట. ఇప్పుడు మా మనవలు ఏ ఊరెళ్ళినా ముందు గది చూసుకుని, అదే ఊళ్ళో ఉన్న చుట్టాలకి తెలియకుండా తిరిగొచ్చేస్తున్నారు. వాళ్ళని చూసినప్పుడల్లా నాకు బందర్లో నేను మొట్టమొదటిసారి లాడ్జి వెతికిన సంగతి గుర్తొస్తుంది. లాడ్జీలు వెతకడంలో నాకంటూ ఒక పద్ధతి ఉండేది. ఆ పద్ధతి మా అత్తయ్య మోకాళ్ళ మీద ఆధారపడి ఉండేది.

అత్తయ్యంటే మా నాన్నగారి అక్క. ఆవిడ ఒక్కగానొక్క కూతురు నా మరదలు. మరదలు పుట్టినప్పుడు గుడ్డల్లో చుట్టి నా ఒళ్ళో పెట్టి "ఇదిగోరా నీ పెళ్ళాం" అన్నారట అందరూ. నేను ఆ మాటని గట్టిగా పట్టుకుని పెరిగాను. అన్నవాళ్ళు మాత్రం నేను ఎస్సెల్సీలో లెక్కలు తప్పినప్పటి నుంచీ ఆ మాట ఎత్తడం మానేశారు. మళ్ళీ కట్టి పాసయ్యాను, బందర్లో ట్రైనింగయ్యాను, నాగాయలంక దగ్గర బళ్ళో మాస్టారినయ్యాను (అక్కడ నేను చెప్పేది లెక్కలే, అది వేరే సంగతి). అయినా మా అత్తయ్య దృష్టిలో నేను లెక్క తప్పినవాడిగానే మిగిలిపోయాను. ఆదివారం గుడిలో (మేము చర్చిని గుడే అంటాం) ప్రార్థన అయ్యాక ఎవరైనా "అమ్మాయికి సంబంధాలు చూస్తున్నారా" అని అడిగితే, నేను పక్కనే నిలబడి ఉన్నా సరే, "చూడాలండీ" అనేది.

పెద్దవాళ్ళ సంగతి అలా ఉంచితే, నాకు అసలు కావలసింది మరదలి నోటి మాట. నేనంటే ఇష్టమో కాదో నాకు తెలియదు. అడుగుదామంటే ఆ ఇంట్లో చోటేది? వంటింట్లో అత్తయ్య, వసారాలో మావయ్య, పెరట్లో గేదె దగ్గర పాలేరు, గుమ్మంలో పాల కోసం వచ్చినవాళ్ళు. నాకు తెలిసినంతలో కృష్ణా జిల్లా మొత్తం మీద పెళ్ళి కాని ఇద్దరు మూడో మనిషి లేకుండా కూర్చోగలిగిన చోటు ఒక్కటే ఉంది. ఏటేటా బందర్లో ఎగ్జిబిషన్ పెట్టినప్పుడు వచ్చే పెద్ద రంగులరాట్నం. దాని పెట్టెలో ఇద్దరే పడతారు. ముందుకో కడ్డీ వేస్తారు. కదిలాక ఎవరూ ఎక్కడానికి లేదు, దిగడానికి అంతకన్నా లేదు.

ఆ ఏడు అవకాశం దానంతటదే వచ్చింది. బంధువుల పెళ్ళికి పెట్టడానికి అత్తయ్యకి చిలకలపూడి రోల్డుగోల్డు నగ ఒకటి కావలసి వచ్చింది. మావయ్య నూర్పిళ్ళ హడావుడిలో ఉన్నాడు. బందర్లో మాకున్న ఒకే ఒక్క చుట్టం ఆ ఏడే గుడివాడకి బదిలీ అయి వెళ్ళిపోయాడు. ఆ ఊళ్ళో చదివినవాడిని కనుక తీసుకెళ్ళే పని, ముందుగా వెళ్ళి దిగడానికి చోటు చూసొచ్చే పని నా మీద పడ్డాయి. "నగ కొన్నాక పిల్లకి ఎగ్జిబిషన్ చూపించొచ్చు. చవగ్గా ఉండాలి, శుభ్రంగా ఉండాలి, మర్యాదస్తులది అయి ఉండాలి. ఇదైనా తిన్నగా చెయ్యి" అంది అత్తయ్య. మరదలు గుమ్మం పక్కన నిలబడి, "ఎగ్జిబిషన్‌కి నడిచి వెళ్ళేంత దగ్గర్లో చూడు బావా" అంది. ఆ మాటలో ఏమైనా అర్థం ఉందా అని నేను బందరు చేరేదాకా ఆలోచించాను.

మొదటి లాడ్జి ఎగ్జిబిషన్ గేటు ఎదురుగానే ఉంది. చవకే, శుభ్రమే. అయితే మేడ మీద గది కిటికీ తెరిస్తే రాట్నం మొత్తం కనబడుతోంది. మంచం మీద పడుకునే ఏ పెట్టెలో ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో చూసుకోవచ్చు. గాలి రాదండీ అని చెప్పి వచ్చేశాను (ఆ గదికి కిటికీలు మూడు వైపులా ఉన్నాయి). రెండోది బస్టాండు పక్కన. అక్కణ్ణుంచి ఎగ్జిబిషన్‌కి రిక్షా ఎక్కాల్సిందే. రిక్షా ఎక్కితే అత్తయ్య కూడా ఎక్కుతుంది. అదీ వద్దనుకున్నాను. అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులు. గుడికీ ఇంటికీ నడవగలదు, అంతకు మించి నాలుగడుగులు వేస్తే కూర్చుండిపోతుంది. అంచేత నాకు కావలసిన లాడ్జి, పిల్లల్ని ఒంటరిగా పంపడానికి దగ్గరగానూ, ఆవిడ నడిచి రావడానికి దూరంగానూ ఉండాలి. బేరం ఆడితే రిక్షావాడు "ఈ కాస్త దూరానికి రిక్షా ఏంటండీ" అని మొహం తిప్పుకునేంత దూరమైతే ఇంకా మంచిది.

అలాంటి చోటు దొరికింది. కోనేరు సెంటరు దాటాక ఒక సందులో, కింద ఇల్లుగలాయన కాపురం, మేడ మీద అద్దె గదులు. గుమ్మంలో నిలబడ్డ రిక్షావాణ్ణి అడిగాను. వాడు మొహం తిప్పుకున్నాడు. నా సంతోషానికి హద్దు లేదు. పైపెచ్చు లోపల గోడ మీద బైబిలు వాక్యం ఉన్న క్యాలెండరు వేలాడుతోంది. అత్తయ్య అది చూస్తే మరి మాట్లాడదు, మనవాళ్ళ దగ్గరే ఉన్నామని నిశ్చింతగా పడుకుంటుంది అనుకున్నాను. నా జీవితంలో నేను వేసిన లెక్కలన్నిటిలోకీ అదే గొప్పది. అందులో తప్పు ఆ క్యాలెండరే.

అనుకున్న రోజున ముగ్గురం బస్సు దిగాం. చిలకలపూడిలో నగ కొనడం పొద్దున్నే అయిపోయింది. మధ్యాహ్నానికి లాడ్జి చేరాం. అత్తయ్య గుమ్మంలో అడుగుపెట్టి, క్యాలెండరు చూసి, ఆగింది. లాడ్జి ఆయన ముప్పయ్యేళ్ళ మనిషి, తెల్లటి పంచె, చక్కటి మర్యాద. "మీదే సంఘమండీ?" అని అడిగింది అత్తయ్య. ఆయన చెప్పాడు. "మీ నాన్నగారిదే ఊరు?" అదీ చెప్పాడు. అవనిగడ్డ దగ్గరే. ఇక నాకు భయం పట్టుకుంది. మా వైపు ఇద్దరు మనుషులు ఎదురుపడి ఊరూ సంఘమూ చెప్పుకున్నాక చుట్టరికం తగలకుండా విడిపోవడం నేను చూడలేదు. గది చూద్దాం రా అత్తయ్యా అని సంచులు ఎత్తాను. ఎవరూ కదల్లేదు. బాప్తిస్మం ఇచ్చిన పాస్టరుగారి దగ్గర మొదలుపెట్టి, ఎవరి పెళ్ళిలోనో ఎవరో అలిగిన సంగతి మీదుగా వెళ్ళి, సంచులు నా చేతుల్లో ఉండగానే తేల్చేశారు. లాడ్జి ఆయన తండ్రి మా అత్తయ్యకి పెదనాన్నగారి తోడల్లుడి కొడుకు. అంటే అన్నయ్య వరస. అంటే లాడ్జి ఆయన మేనల్లుడు. ఉయ్యూరు పంచదార ఫ్యాక్టరీలో పనిచేస్తున్న ఆయన తమ్ముడు ఇంకో మేనల్లుడు. ఒక్క మేనల్లుడితో బస్సు దిగిన మా అత్తయ్యకి కాఫీ వేళకి ముగ్గురయ్యారు.

"అద్దె మాట ఎత్తితే ఊరుకోను అత్తయ్యగారూ. మీకు మేం ఉండగా గదికి డబ్బులా?" అన్నాడాయన. అత్తయ్య నా వైపు తిరిగి, ఇన్నాళ్ళకి ఒక పని తిన్నగా చేశావురా అంది. అంత మెప్పు ఆవిడ దగ్గర నేను అంతకు ముందు పొందలేదు, పొందిన ఆ క్షణాన నాకు ఏడుపొచ్చింది. ఆ తర్వాత లాడ్జి ఆయన నన్ను తమ్ముడూ అన్నాడు. ఆయన భార్య మా మరదల్ని చెల్లీ అని పక్కన కూర్చోబెట్టుకుని జడలో కనకాంబరాలు పెట్టింది. సాయంత్రం మేము ఎగ్జిబిషన్‌కి బయలుదేరుతుంటే, మోకాళ్ళ వల్ల కాదు మీరెళ్ళి రండర్రా అని అత్తయ్య తన నోటితో తనే అంది. సరిగ్గా నేను లెక్క వేసుకున్నట్టే. వెంటనే లాడ్జి ఆయన, "అత్తయ్యగారిని వదిలేసి వెళ్తామా?" అని ఇంటికి వాడుకగా వచ్చే జట్కా పిలిపించాడు. ఆ జట్కాలో అత్తయ్య, ఆయన భార్య, మరదలు. వెనకాల నేనూ ఆయనా నడక. ఎగ్జిబిషన్ నిజంగానే నడిచి వెళ్ళేంత దగ్గర్లో ఉంది.

రాట్నం దగ్గర అత్తయ్య ఎక్కనని బల్ల మీద కూర్చుంది, అన్ని పెట్టెలూ కనబడేట్టు. మరదలు ఒక్క క్షణం నా వైపు చూసింది. నేను ముందుకి అడుగు వేశాను. "ఆడవాళ్ళు ఆడవాళ్ళూ, మగవాళ్ళు మగవాళ్ళూ" అన్నాడు లాడ్జి ఆయన నా భుజం మీద చెయ్యేసి, ఎంతో ఆప్యాయంగా. ఆయన భార్యా మరదలూ ముందు పెట్టెలో, ఆయనా నేనూ వెనక పెట్టెలో కూర్చున్నాం. కడ్డీ వేశారు. నా జీవితంలో నేను ఎంత కాలంగానో ఎదురుచూసిన ఆ ఏకాంతం నాకు లాడ్జి ఆయనతో దొరికింది.

పెట్టె పైకి లేచింది. నేను కళ్ళు మూసుకుని కడ్డీ పట్టుకున్నాను. ఆయన కాలు మీద కాలేసుకుని, అదిగో మన సందు, అదిగో సముద్రం వైపు చీకటి అని చూపిస్తున్నాడు. కింద ఎవరో ఎక్కుతున్నారని రాట్నం ఆపారు. మా పెట్టె సరిగ్గా శిఖరం మీద ఊగుతూ నిలబడిపోయింది. అప్పుడాయన గొంతు తగ్గించి, "తమ్ముడూ, ఆ పిల్లకి సంబంధాలేమైనా చూస్తున్నారా?" అన్నాడు.

"చూస్తున్నారండీ."

"ఎవరిని? మా ఉయ్యూరువాడికి అడుగుదామనుకుంటున్నాం. వరస కలిసింది, దేవుడే పంపించినట్టు వచ్చారు మీరు. నువ్వొక మాట సాయం చెయ్యాలి."

పెట్టె ఇంకోసారి ఊగింది. కింద బల్ల మీద అత్తయ్య మినప సున్నుండంత కనబడుతోంది. అంత ఎత్తున మనిషికి అబద్ధం తోచదు. "నన్నండీ" అన్నాను.

"నిన్నేంటి?"

"చూస్తున్నది నన్నేనండీ."

ఆయన కాసేపు సముద్రం వైపు చూశాడు. "అత్తయ్యగారు చెప్పలేదే" అన్నాడు.

"ఆవిడకింకా తెలీదండీ."

రాట్నం కదిలింది. దిగాక ఆయన నన్ను తమ్ముడూ అనలేదు, మాస్టారూ అన్నాడు. ఆయన భార్య మొహం కూడా ముడుచుకునే ఉంది, అది నేను నా వల్లే అనుకున్నాను. మర్నాడు పొద్దున మేము సంచులు సర్దుకుని కిందికి దిగేసరికి ఆయన బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. మర్యాదలో ఏ లోటూ లేదు. నమస్కారం పెట్టాడు, ప్రయాణం సుఖంగా జరగాలన్నాడు, గది అద్దె చెప్పాడు. నేను ఇచ్చాను. జట్కా మాట ఎవరూ ఎత్తలేదు.

బస్టాండుకి రిక్షా దొరికేదాకా నడక. సందు చివర దాకా వచ్చేసరికి అత్తయ్య ఒక అరుగు మీద కూర్చుండిపోయింది, మోకాళ్ళు పట్టుకుని. "చుట్టరికం తేలాక అద్దె వద్దన్న మనిషి, పొద్దున్నే ఎందుకు తీసుకున్నాడ్రా?" అంది. నేను రోడ్డు వైపు చూస్తున్నాను.

మరదలే చెప్పింది. నెమ్మదిగా, కూరగాయల ధర చెప్పినట్టు. "నా వల్లేనమ్మా. రాట్నం మీద ఆ అక్క వాళ్ళ మరిదికి నన్ను అడిగింది. కుదరదన్నాను."

"అదేం? ఎందుకు కుదరదు?"

"బావ ఉన్నాడు కదా అన్నాను."

నేను తలెత్తాను. మరదలు నా వైపు చూడలేదు. "మొదటి చుట్టులోనే చెప్పేశాను, ఇంకా పైకి కూడా వెళ్ళలేదు" అంది. (శిఖరం మీద ఆగేదాకా నాకు నోరు రాలేదన్న సంగతి తర్వాత ఆమెకి తెలిసింది. ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది.) అత్తయ్య ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. చివరికి అడగవలసినది వదిలేసి, "ఇంత మంది లాడ్జీలు పెట్టుకుని ఉంటే, ఇటు నడవడానికీ వీల్లేక అటు రిక్షా కట్టడానికీ వీల్లేక, ఇక్కడెందుకు తీశావురా గది?" అంది.

ఇక దాచి లాభం లేదు. "నువ్వు నడవలేవని అత్తయ్యా" అన్నాను.

ఆవిడకి అర్థమవడానికి కొంచెం సేపు పట్టింది. నా వైపు చూసింది, తన మోకాళ్ళ వైపు చూసుకుంది, సందు వైపు, ఎగ్జిబిషన్ ఉన్న వైపు చూసింది. తర్వాత చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వింది. "ఈ లెక్కేదో ఆ పరీక్షలో వేసుంటే ఎప్పుడో ఇచ్చేసేదాన్ని కదరా పిల్లని" అంది. ఆ వేసవిలో మా పెళ్ళయింది. లాడ్జి ఆయన్నీ పిలిచాం. వచ్చాడు, కట్నం చదివించాడు, మళ్ళీ తమ్ముడూ అన్నాడు.

తర్వాత ఎన్ని ఎగ్జిబిషన్లు వచ్చాయో, ఎప్పుడూ ఆ రాట్నంలో మేమిద్దరం ఒక పెట్టెలో కూర్చోలేదు. ఒకసారి పిల్లలు చిన్నవాళ్ళు, ఒకసారి అత్తయ్యకి బాగాలేదు, ఒకసారి వాన. ఈ ఏడు మాత్రం పట్టుబట్టి ఇద్దరమే బందరు వెళ్ళాం. గది నేనే చూశాను, పాత అలవాటు కొద్దీ పాత లెక్కే వేశాను. చవక, శుభ్రం, ఎగ్జిబిషన్‌కి నడిచి వెళ్ళేంత దగ్గర. సాయంత్రం బయలుదేరి మెట్లు దిగాక మరదలు గోడ పట్టుకుని ఆగింది. మోకాళ్ళు. అచ్చం తల్లివే వచ్చాయి. నా లెక్కలో ఆ సంగతి లేకుండా పోయింది. మళ్ళీ మెల్లగా పైకెక్కి బాల్కనీలో రెండు కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. ఇళ్ళ కప్పుల మీదుగా రాట్నం సగం కనబడుతోంది, రంగు దీపాలతో పైకి వచ్చి మళ్ళీ కిందికి దిగిపోతోంది. కాసేపయ్యాక ఆమె, "ఇక్కడ ఎవరూ లేరుగా. అప్పుడు అడుగుదామనుకున్నది ఇప్పుడడుగు బావా" అంది.

ఇన్నేళ్ళ కాపురం తర్వాత కూడా చుట్టూ ఎవరైనా ఉన్నారేమోనని ఒకసారి చూసుకున్నాను. అడిగాను. నేనంటే నీకు ఇష్టమేనా, నన్ను చేసుకుంటావా అని, అప్పుడు బట్టీ పట్టిన మాటలే, ఒక్కటీ పోకుండా. ఆమె రాట్నం వైపే చూస్తూ, "ఆలోచించి చెప్తాను" అంది.

ఇంకా ఏమీ చెప్పలేదు. నేనూ తొందరపెట్టడం లేదు.