మొదటి గుంటకు పోసిన కొసరు

నా చిన్నప్పుడు మా ఇంట్లో కొలత అంటే నూనె కొలతే. పర్చూరులో మా తాతయ్యది నూనె కొట్టు. అక్కడ పెరిగిన నాకు మాటలకంటే ముందు బేరం వచ్చిందని మా అమ్మ అనేది. ఈ వయసులోనూ కొత్తిమీర కట్ట దగ్గర నిలబడి నిలబడి, గెలిచి, మోకాళ్లు పట్టుకుని ఇంటికొస్తాను. ఆ గెలుపు నొప్పి మాత్రకు కూడా చాలదు.

మా బాబాయికి మాత్రం కొట్టు పడలేదు. పాత పెట్రోలు జీపు ఒకటి కొని గుంటూరుకు మనుషుల్ని తిప్పేవాడు. సరదా తీరాక ఆ ఇనుము అమ్మేసి, వచ్చి గల్లా దగ్గర కూర్చుంటాడని తాతయ్య కొట్టుకొచ్చిన ప్రతివాళ్లతోనూ అనేవాడు.

ఒక ఎండాకాలం ఇంజను వేడెక్కి హెడ్డు వంగింది. హెడ్డంటే సిలిండర్ల మీద మూతలా కూర్చునే ఇనుప దిమ్మ. దాని అడుగున సిలిండరుకొకటి చొప్పున నాలుగు గుంటలుంటాయి. లేతు షాపులో చదును చేయించాక ఆ గుంటలు హెచ్చుతగ్గులయ్యాయి. ఒక్కో సిలిండరు ఒక్కో బలంతో తన్నడంతో జీపు చలిజ్వరం వచ్చినట్టు వణికేది. అసలే మిరపకాయల రోజులు. గుంటూరు మిర్చి యార్డుకు పోయే రైతులు వేరే జీపుకు అలవాటు పడుతున్నారు. ఈసారి కూడా కుదరకపోతే బండి అమ్మేసి కొట్లో కూర్చుంటానని బాబాయి మా అమ్మతో అన్నాడు. ఆ మాట అన్నప్పుడు అతని గొంతులో కోపం కూడా లేదు, ఒట్టి అలసటే.

కొట్టు మూసిన అమావాస్య నాడు హెడ్డును మా వసారాలో బోర్లించి, గుంటలు పైకి వచ్చేలా పెట్టాడు. గుంట అంచుకు గ్రీజు రాసి, నడుమ చిన్న రంధ్రం ఉన్న అద్దం ముక్క పరిచి, గీతలున్న గాజు గొట్టంతో ఆ రంధ్రంలోంచి కిరసనాయిలు పోయాలి. అద్దం కింద బుడగ లేకుండా నిండేసరికి ఎంత పట్టిందో అదే ఆ గుంట కొలత. నాలుగింటిలో పెద్దదేదో చూసి, మిగతావాటిని ఆకురాయితో అరగదీసి దానికి సమానం చేయాలి. ఇనుమును తీయగలం గానీ అతికించలేం కదా.

రాత్రుళ్లు నిద్ర లేక బాబాయి కిరసనాయిలు రంధ్రంలో పడకుండా పక్కకు ఒలకబోస్తున్నాడు. చూసి చూసి తాతయ్యే లేచొచ్చాడు. "ఇటివ్వరా. పొయ్యటం నీకు నేర్పలేకపోయాగానీ, నాకొచ్చుగా" అన్నాడు. పిలవకుండా ఆ జీపు పని దగ్గరికి ఆయన రావడం అదే మొదలు.

తాతయ్య పోశాడు, బాబాయి లెక్క చూశాడు. మొదటి గుంట అన్నిటికన్నా పెద్దదని తేలింది. మిగతా మూడింటినీ దానికి సరిచేయడానికి బాబాయి పొద్దుగూకేదాకా అరగదీశాడు. చేతులు బొబ్బలెక్కాయి. చివరిసారి నాలుగూ వరుసగా కొలిస్తే, ఆ మొదటి గుంటే అన్నిటికన్నా చిన్నదైంది.

బాబాయి ఆకురాయి కిందపెట్టి తాతయ్య వంక చూశాడు.

"ఈ బండి నాకుండటం నీకు ఇష్టం లేదుగా నాన్నా" అన్నాడు.

గొట్టంలో తేడా ఉందనో, గ్రీజు కారిందనో తాతయ్య చెప్పొచ్చు. కొలత దగ్గర ఆయన ఏనాడూ తప్పు ఒప్పుకోలేదు. ఎంత గట్టి గిరాకీ వచ్చి అరిచినా ఒప్పుకునేవాడు కాదు. నోరు మూసుకుని ఊరుకున్నా చాలు, కొడుకు కొట్లోకి వచ్చి కూర్చునేవాడు. అదే కదా ఆయన కోరుకుంది.

"పొద్దున అదే మొదటి పోతరా. బోణీ అనుకుని చెయ్యి పొర్లించేసింది. అద్దం మీదకొచ్చిందాకా పోశా, ఆ పొర్లిందీ లెక్కలో పడింది. తర్వాతవి సరిగ్గానే పోశాలే" అన్నాడు తాతయ్య. "నీకు కలిసిరావాలనే పోశా" అన్నాడు నెమ్మదిగా.

మా కొట్లో బోణీ గిరాకీకి అడక్కుండానే కొసరు పడాలి. ఆ రివాజు ఆయన చేతిలో ఊపిరిలా ఉండేది. బాబాయికి అది తెలుసు. "ఇనుముక్కూడా కొసరేంది నాన్నా" అని హెడ్డును కాస్త పక్కకు జరిపి చోటిచ్చాడు. తాతయ్య పంచె ఎగ్గట్టి కూర్చుని, ఆకురాయి అందుకుని, మిగిలిన ఆ ఒక్క గుంటా తానే అరగదీశాడు.

నాలుగూ సమానమయ్యాయి. అవసరానికి మించి ఇనుము పోవడంతో జీపు పరుగు తగ్గింది. కానీ వణుకు పోయింది. కుదుపు లేదని ముసలివాళ్లు దాన్నే ఎక్కేవారు. బాబాయి కొట్లో కూర్చోలేదు, తాతయ్య మళ్లీ రమ్మనలేదు.

జీవితమంతా గీచి గీచి బేరమాడి అలసిపోయినదాన్ని. నా మాట తగ్గించుకోవడం నాకు చేతకాదని నా పిల్లలు నవ్వుతారు. అయితే మంచి చేయబోయి నేను ఎవరి పనైనా చెడగొడితే మాత్రం బేరం పెట్టను. వాళ్లు ఆ పని మీద ఇంకొక్క చెమట చుక్క రాల్చకముందే, నా వల్లేనని చెప్పేస్తాను. చెప్పి, కొంగు దోపుకుని పక్కన కూర్చుంటాను.