సైదులు మళ్లీ లారీ ఎక్కాక

1993లో నేను సూర్యాపేటలో ప్రొబేషన్ ఆఫీసర్‌ని. షరతుల మీద జైలు నుంచి విడుదలైనవాళ్లు మళ్లీ నేరంలోకి జారకుండా కనిపెట్టి ఉండటం మా పని. కోదాడ, మిర్యాలగూడ కూడా నేనే చూసేదాన్ని.

సైదులు మేళ్లచెరువు సిమెంటు లారీల డ్రైవరు. దారిలో లారీ ఎక్కిన ఒక ఆడకూలీపై అత్యాచారం చేసి శిక్ష అనుభవించాడు. బయటికొచ్చాక కోదాడలో అక్క మారెమ్మ ఇంట్లో ఉంటూ రైస్‌మిల్లులో హమాలీ పనికి కుదిరాడు. తాగుడు మానేశాడు. చేసిన నేరం ఇక మారదు; తాగుడు, పని, స్నేహాలు, ఆడవాళ్ల గురించి మనసులో ఉన్న ఆలోచన మాత్రం మారతాయి. మనిషిని మళ్లీ నేరం వైపు నెట్టగల ఇలాంటి మారే విషయాలనే డైనమిక్ రిస్క్ ఫ్యాక్టర్స్ అంటారని చాలా ఏళ్ల తర్వాత ఒక శిక్షణలో విన్నాను.

"ఆమెనే లారీ ఆపింది మేడమ్. ఒక్కతే ఎక్కింది. ఏమనుకోవాలె?" అన్నాడు మొదట్లో.

"ఊరికి పోవాలనుకుందని అనుకోవాలి."

కొన్ని నెలలకు తనంత తానే, "తప్పు నాదే మేడమ్. ఆమె ఏం జేసింది పాపం" అన్నాడు. నాకు ఆశ పుట్టింది.

అంతలో అతని కేసు సంగతి మిల్లులో తెలిసి పని పోయింది. యజమానిని బతిమాలాను. "ఇక్కడ ఆడకూలీలున్నారండి. రేపేదన్నా జరిగితే మీరొస్తారా?" అన్నాడు. ఆయన్నీ తప్పుపట్టలేను. మిర్యాలగూడ మిల్లుల్లోనూ అడిగాను. ఎవరూ తీసుకోలేదు.

సైదులు పాత జతగాళ్లతో మళ్లీ లారీ ఎక్కాడు. మారెమ్మ పరుగున నా దగ్గరికొచ్చింది.

"మల్ల తాగుతుండు మేడమ్. ఆడోళ్లంతా గంతే అంటుండు. నాకు భయమైతుంది."

పై అధికారి దగ్గరికి వెళ్లి చెప్పాను. "నెలనెలా వచ్చి సంతకం పెడుతున్నాడు కదమ్మా. తాగాడని లోపలెయ్యమంటారా?" అన్నాడాయన.

ఆ వేసవిలోనే మోతె దగ్గర గొర్లు కాస్తున్న ఒకామె మీద సైదులు తాగి దాడి చేశాడు. అరుపులు విని జనం రావడంతో ఆమె బయటపడింది. చెయ్యి విరిగింది. దవాఖానకు వెళ్లి నేనెవరో చెప్పాను.

"వాడు గిట్ల జేస్తడని మీకు ముందుగాల్నే ఎరికేనా?" అని అడిగింది.

"భయపడ్డాను. పైవాళ్లకు చెప్పాను కూడా."

"నాకైతే ఎవ్వరు జెప్పలే."

చేసింది సైదులే, ఆ నేరం అతనిదే. కానీ మనిషి ఒకసారి మారితే అలాగే ఉండిపోడని, ఆ మార్పును నిలబెట్టినవి ఒక్కొక్కటే జారుతున్నప్పుడే పట్టుకోవాలని ఆ కేసు నేర్పింది. అప్పట్లో మాకు సంతకం తీసుకోవడం తప్ప మరో దారి లేదు. అతను మళ్లీ జైలుకు వెళ్లాడు. ఆమె మాత్రం గొర్లు అమ్మేసి ఇంటిపట్టునే ఉంటున్నదని తర్వాత విన్నాను.