పిన్ని ‘సరే’ అనలేదు

పోయిన మంగళవారం మా పక్కింటి బాబాయి చనిపోయాడు. పొద్దున్నే కొడుక్కి అన్నం కలిపి, రెండో ముద్ద నోటికి అందిస్తూ పక్కకు ఒరిగిపోయాడు. మలంచా రోడ్డు నుంచి ఆటో తీసుకొచ్చేసరికే అంతా అయిపోయింది. ముప్పై దాటినా ఆ కొడుక్కి తన చేత్తో తాను తినడం రాదు. తర్వాతి ముద్ద కోసం నోరు తెరుచుకుని అలాగే కూర్చున్నాడు.

ఆయనతో మాకు రక్తసంబంధం ఏమీ లేదు. తెలుగు నేలకు దూరంగా ఉన్న ఈ రైల్వే ఊళ్ళో, ఖరిదా పేటలో, మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య ఒక్కటే గోడ. రెండిళ్ళ తాతలూ శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే వర్క్‌షాపు పనికి వచ్చినవాళ్ళే. మా గోడకు అప్పన్న పటం, వాళ్ళ గోడకు మరియమాత. బాబాయి ఫిట్టరు. డ్యూటీ దిగి, చేతుల గ్రీజు కిరసనాయిలుతో వదిలించుకుని, మంచాన పడ్డ తెలుగువాళ్ళ ఇళ్ళకు వెళ్ళేవాడు. చర్చి ఫాదర్‌కు తెలుగు రాదు. ఆయన హిందీలో చెప్పేది బాబాయి తెలుగులో చెప్పేవాడు.

ఒకసారి చివరి ఘడియల్లో ఉన్న ముసలామె దగ్గర ఫాదర్ ప్రార్థన మొదలుపెట్టారు. ఆమె బాబాయి చెయ్యి పట్టుకుని, “ఏటంతన్నాడ్రా? నా సావేదో నాకు తెలిసీలా సెప్పు” అందట. దేవుడు తనను పిలిచింది ఆవిడ నోటితోనే అనేవాడు బాబాయి. అప్పటి నుంచి డీకన్ కావాలని పట్టుపట్టాడు. డీకన్ అంటే ఫాదర్‌కు ఒక మెట్టు కింద. పూజ చేయలేడు గాని జ్ఞానస్నానం ఇవ్వగలడు, పెళ్ళి జరిపించగలడు, పోయినవాళ్ళను మట్టిలో పెట్టగలడు. సంసారం ఉన్నవాడికీ ఆ అవకాశం ఉంది. మన వైపు అరుదే అయినా బిషప్‌గారు చదువుకోమన్నారు.

“ఫాదర్‌వైపోతే పిన్ని సంగతేంటి బాబాయ్?” అని ఆటపట్టించాను.

“ఎర్రి గుంటా, డీకనుకి పెళ్ళాం ఉండొచ్చే. ఆ పెళ్ళాం సరే అనాలి. అదీ కష్టం” అని నవ్వాడు.

నవ్వినంత తేలిక కాదది. డీకన్ అయ్యాక భార్య పోతే మళ్ళీ పెళ్ళి కుదరదు. పిన్నిదేమో గుండెజబ్బు. తను ముందు పోతానని ఆమెకు గట్టి నమ్మకం. ఒకనాటి సాయంత్రం ఫాదర్ వచ్చి బాబాయి వాళ్ళ వరండాలో కూర్చుని, ఆమె ఇష్టం ఏమిటని హిందీలో అడిగారు. నేను టీ పట్టుకెళ్ళాను. పిన్ని తెలుగులోనే జవాబిచ్చింది.

“నాను పోతే ఈ గుంటడికి కూడెవులెడతారు? ఇంట్లోకి ఇంకో ఆడది రావాల. ఆ దారి మూసీడానికి నానొప్పుకోను.”

అందరికీ తెలుగుచేసి పెట్టేవాడే ఆ రోజు తన ఆశ మీద పడ్డ రాయిని హిందీ చేశాడు. ఒక్క మాట మార్చలేదు, తగ్గించలేదు. చివర్న, “రాజీ నహీ హై, ఫాదర్” అన్నాడు, ఒప్పుకోవడం లేదని. నాకు పిన్ని మీద ఒళ్ళు మండింది. ఆమె ఆ మాట అన్నది ప్రేమకొద్దీ అని తెలిసినా మండింది.

బాబాయి మాత్రం ఆమెను ఒక్కమాట అనలేదు. “పిలిసినోడికే తొందర్లేదు, నాకేటి తొందర?” అనేవాడు. స్నానం చేస్తూ సమాధి ప్రార్థన తెలుగులో వల్లె వేసేవాడు. వంటింట్లో పిన్ని గిన్నెల చప్పుడు పెంచేది. ఇలా ఏళ్ళు గడిచాయి. ఈ మధ్య అయితే ఆమెకు మందులు వేసేదీ, కొడుక్కి స్నానం చేయించేదీ అన్నీ ఆయనే. జబ్బు మనిషి మిగిలింది, గట్టి మనిషి వెళ్ళిపోయాడు. ఇదేం లెక్కో నాకు అర్థం కాదు. దేవుడి మీద కోపంగానే ఉంది.

సమాధి దగ్గర ప్రార్థనంతా హిందీలోనే జరిగింది. మా ముసలివాళ్ళు చేతులు కట్టుకుని, ఎక్కడ ఆమెన్ అనాలో తెలియక ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. పెట్టె దించబోతుండగా పిన్ని వెళ్ళి ఫాదర్ చెయ్యి పట్టుకుంది.

“ఆ దినం అడిగినారు గదా ఫాదర్. ఇప్పుడడగండి.”

ఆ మాట ఆయనకు హిందీలో నేనే చెప్పాను. ఫాదర్ తల వంచుకున్నారు. ఆయన అడగలేదు. అడుగుతారేమోనని పిన్ని, పెట్టె మీద మట్టి పడుతున్నంతసేపూ, ఆయన నోటివైపే చూస్తూ నిలబడింది.