బియ్యం డబ్బాలో పుస్తకాలు

చిన్నీ, నీ డబ్బా మూత లోపల అంటించిన లిస్టు ఇవాళ ఊడి నా చేతిలో పడింది. నలభై గొప్ప పుస్తకాలు చదవాలని రాసుకున్నావు.

బూర్గంపాడులో ఇళ్లలోకి గోదావరి వచ్చిన రోజు మా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది. అప్పుడది బియ్యం డబ్బా. నువ్వు బియ్యం కుమ్మరించి లైబ్రరీ పుస్తకాలు నింపావు.

“ఏందే ఇది? రేపు ఏం తింటవ్?”

“ఇవి తడిస్తే లైబ్రరీ సారు ఇంకోటి ఇయ్యడమ్మా!”

వీపు మీద ఒక్కటి వేశాను. నీళ్లు నీ ఛాతీదాకా వచ్చినా డబ్బా నెత్తి మీంచి దించలేదు. మనం తలదాచుకున్న బడి వరండాలో అందరికీ పులిహోర పెడితే నువ్వు చదువుతూ కూర్చున్నావు. కోపంతో నేను నిన్ను తినడానికి పిలవలేదు.

తర్వాత, ఈ లిస్టులో పదిహేడో పుస్తకంలో ఉండగా జ్వరం నిన్ను తీసుకుపోయింది. ముద్ద ఎత్తిన ప్రతిసారీ నేను పిలవని ఆ పూటే ఇంకా గుర్తొస్తోంది.

మా చిన్నీలా చదువుకునే పిల్లలూ, కడుపునిండా తినండి.