చెవి కత్తిరించిన కేబుల్

పాత మానిటర్ తేలిగ్గానే దొరికింది గానీ, దానికి సరిపోయే కేబుల్ ఇంటికి చేరేసరికి ఈ రోజు సాయంత్రమైంది. రేపు పొద్దున నా కొత్త ఉద్యోగంలో మొదటి రోజు, పనంతా ఇంటి నుంచే. నిన్న దుత్తలూరులో కొన్న హెచ్‌డీఎంఐ కేబుల్ ఎంత నెట్టినా దూరలేదు. తీరా చూస్తే నా మానిటర్‌కీ సీపీయూకీ ఉన్నది డిస్‌ప్లే పోర్టు.

గొర్రెల మందు కోసం ఆత్మకూరు వెళ్ళిన నాయనకు ఫోన్ చేసి ఆ కేబుల్ తెమ్మన్నాను. ఆయనది బటన్ ఫోన్, ఫొటో పంపే దారి లేదు. షాపులో నిలబడి నా మీద విసుక్కున్నాడు.

"అన్నీ ఒకే మాదిరి ఉండాయి పాపా. షాపాయన ఏదైనా సరిపోద్దంటా ఉండాడు."

"సరిపోదు నాయనా! మంద కలిసిపోయినా గుర్తు పట్టేదానికి మన గొర్రెలకి ఒక చెవి కొస కత్తిరిస్తాం గదా. అట్లా దాని మూతికి ఒక మూల మాత్రమే కత్తిరించినట్టు ఉంటాది. అది తీసుకో."

"ఆ మాట ముందే చెప్పొచ్చు గదా!" అని ఫోన్ పెట్టేశాడు.

ఆయన తెచ్చిన కేబుల్ టక్కున దూరింది, తెర వెలిగింది. అప్పటికి గానీ నా ప్రాణం కుదుటపడలేదు. నాయన మాత్రం బల్ల మీదున్న నిన్నటి కేబుల్ తీసి, మూతి తడిమి చూశాడు.

"దీనికి రెండు పక్కలా కత్తిరించుండారే. ఇది మన మందది కాదు. పాపం, ఎవరిదో ఇచ్చేసిరా."

మీ ఇళ్ళల్లో ఇలా తప్పిపోయి వచ్చినవి ఎన్ని ఉన్నాయి?