కాటా ఎక్కని శనివారం

కామేశం ఎవరినీ నమ్మడు. ఆ సంగతి ఆయనే చెప్పుకుంటాడు, అందులో సిగ్గేమీ లేదంటాడు. జగ్గయ్యపేట బయట ఒక కంకర క్రషర్ దగ్గర ఇరవై రెండేళ్లుగా వేబ్రిడ్జి, అంటే లారీలు తూచే కాటా, చూసుకుంటున్న మనిషి ఆయన. అక్కడ నమ్మకం పెట్టుకుంటే ఉద్యోగం నిలవదు. లారీ ఖాళీగా వచ్చినప్పుడు ఒకసారి, కంకర ఎత్తుకుని పోయేటప్పుడు ఒకసారి కాటా ఎక్కాలి. ఆ రెండు తూకాలకీ మధ్య తేడా ఎంతో సరుకు అంత. ఇంత చిన్న లెక్కలో ఎన్ని మాయలుంటాయో ఆయనకి తెలుసు. ఖాళీ బండిలో నీళ్ల డ్రమ్ములు పెట్టుకొచ్చి తూకం వేయించుకుని, లోడుకి ముందు ఆ నీళ్లు పారబోసేవాళ్లుంటారు. లోడు బండి వెనక చక్రాన్ని కాటాకి జానెడు బయట ఆపేవాళ్లుంటారు. అందుకే ఆయన బటన్ నొక్కే ముందు చెప్పులేసుకుని బండి చుట్టూ ఒకసారి తిరిగొస్తాడు. డ్రైవర్లు పంతులుగారు ప్రదక్షిణ చేస్తున్నారని నవ్వుకుంటారు.

అలాంటి మనిషిని మే నెలలో నందిగామ డాక్టరు కాటా ఎక్కించాడు. ఎనభై ఎనిమిది కిలోలు.

"మాత్రలు ఇంకెంత పెంచనండీ కామేశంగారూ," అన్నాడు డాక్టరు రిపోర్టులు చూస్తూ. "మూడు నెలల టైమిస్తా. ఆరు కిలోలు తగ్గి రండి, షుగర్ కూడా దిగితే మాత్రలతోనే నడిపిద్దాం. లేకపోతే ఇన్సులిన్ మొదలెడదాం."

ఇన్సులిన్ సూదంటే కామేశానికి భయం. వాళ్ల అన్నగారికి సూది మొదలుపెట్టిన ఏడాదికే కాలి వేలు తీసేశారు. అది సూది వల్ల కాదు, అంతకుముందు పదేళ్లు షుగర్‌ని పట్టించుకోకపోవడం వల్ల అని డాక్టరు ఎంత చెప్పినా ఆయన చెవికెక్కలేదు. సూది, వేలు, ఆ రెండూ ఆయన మనసులో ఒకదాని పక్కన ఒకటి అతుక్కుపోయాయి.

కూతురు అమూల్య నందిగామలోనే ఒక కాలేజీ ఆఫీసులో పనిచేస్తుంది. ఆ సాయంత్రమే తండ్రి ఫోన్లో ఒక యాప్ వేసింది.

"తిన్నదల్లా ఇందులో కొట్టు నాన్నా. రోజుకి పదిహేను వందల క్యాలరీలు దాటకూడదు."

"మనం తినేది పప్పూ కూరా మజ్జిగే కదమ్మా. ఇందులో ఒళ్లొచ్చేదేముంది?"

"ముద్దపప్పులో నెయ్యి ఎవరు పోసుకుంటున్నారు? పక్కింటివాళ్లా?"

ఆయన గొణుక్కుంటూ ఫోను జేబులో పెట్టుకున్నాడు. కానీ పని మొదలుపెడితే సగంలో వదిలే మనిషి కాదు. మర్నాటి నుంచి పళ్లెం పక్కన చిన్న ఎలక్ట్రానిక్ కాటా చేరింది. అన్నం తూచి, దొండకాయ వేపుడు తూచి, పెరుగు తూచి, ఒక్కొక్కటీ ఫోన్లో ఎక్కించి అప్పుడు చెయ్యి కడుక్కునేవాడు. ఆయన ముద్ద కలిపేసరికి అన్నం చల్లారిపోయేది.

నాలుగు వారాలయ్యాయి. ఫోను రోజూ పచ్చరంగు చూపిస్తోంది. బరువు మాత్రం ఎనభై ఏడున్నర. ఆయనకి అనుమానం మొదలైంది.

ముందు ఇంట్లో బరువు చూసుకునే కాటా మీద. క్రషర్ నుంచి తూనికల అధికారుల ముద్ర ఉన్న ఇరవై కిలోల తూకపు రాళ్లు రెండు ఆటోలో వేసుకొచ్చాడు. భార్య చూడామణి గుమ్మంలోనే అడిగింది, "ఇవెందుకండీ, మనం కూడా కంకర అమ్ముతున్నామా?"

"అడ్డు లే ముందు."

రాళ్లు పెట్టాడు. నలభై. తీసి మళ్లీ పెట్టాడు. నలభై. కాటా అబద్ధం చెప్పడం లేదు.

తర్వాత యాప్ మీద అనుమానం. అది అన్నిటికీ ఒక కప్పు, ఒక కప్పు అంటుంది. ఎవరింట్లో కప్పు? కారం పెట్టి వేయించిన గుత్తొంకాయ అడిగితే ఉడికించిన వంకాయ చూపిస్తుంది. అయినా తను కప్పుల్లో కాదు, గ్రాముల్లో కొడుతున్నాడు. పోనీ పదో ఇరవయ్యో తప్పినా ఇంత తేడా రాదు.

ఇక మిగిలింది చూడామణి.

ఒకరోజు పొద్దున్నే వంటింట్లో నూనె డబ్బాకి పెన్నుతో గీత గీశాడు. మూడో రోజు చూసుకుని అడిగాడు.

"ఏమే, నూనె రెండు వేళ్లు దిగిందే."

"దీపానికి పోశా."

"దీపానికి నువ్వులనూనె కదా?"

"అది అయిపోయింది. తెమ్మని సోమవారం నుంచీ మొత్తుకుంటున్నా." అంటూనే ఆమె డబ్బా చేతిలోకి తీసుకుంది. గీత చూసింది. డబ్బా గట్టు మీద పెట్టింది. తర్వాత చాలా నెమ్మదిగా, "ముప్పై ఏళ్లు నా చేతి వంట తిని, ఇవాళ నాకు గీత గీశారా?" అంది.

"అది కాదే, లెక్క తేలాలిగా."

"తేల్చుకోండి."

ఆ రోజు నుంచి కూర పోపు పెట్టేముందు ఆయన్ని పిలిచి, "రండి, మీరే పోయండి" అని గరిట చేతికిచ్చేది. ఆయన చెంచాతో కొలిచి పోసేవాడు. అంతకు మించి ఇద్దరి మధ్యా మాటల్లేవు. ఇంట్లో గరిటెల చప్పుడు మాత్రం కాస్త పెరిగింది.

చెంచాతో కొలిచినా బరువు కదల్లేదు. డాక్టరు దగ్గరికి వెళ్లడానికి ఇంకా ఏడు వారాలే ఉంది. అప్పుడు ఆయన తన పాత పద్ధతికి వచ్చాడు. క్రషర్‌లో లెక్క తేలకపోతే సరుకు ఏ రోజు పోయిందో ముందు చూస్తాడు. అలాగే తన బరువు రాసుకున్న కాగితం ముందేసుకున్నాడు. మంగళవారం నుంచి శనివారం పొద్దుటిదాకా రోజూ కాస్త కాస్త దిగుతోంది. ఆదివారం పొద్దున ఎక్కుతోంది. సోమవారానికి కూడా పూర్తిగా దిగడం లేదు. ప్రతి వారమూ ఇంతే.

అంటే దొంగతనం శనివారం జరుగుతోంది. అదే ఆయనకి అర్థం కాలేదు. శనివారం ఆయనకి ఉపవాసం. వెంకటేశ్వరస్వామికి పాతికేళ్లుగా ఉంటున్న శనివారాలు, అన్నం మెతుకు ముట్టడు. మాత్రలు వేసుకోవాలి కాబట్టి ఫలహారం మాత్రం చేస్తాడు, అది కూడా డాక్టరు చెప్పిందే. ఫోన్లో శనివారం గడి ఖాళీగా, పచ్చగా ఉంది. వారం మొత్తం మీద పవిత్రమైన రోజు అదే.

శుక్రవారం నాడు చూడామణిని ఓరకంట చూశాడు. ఫలహారంలో ఏమన్నా కలుపుతోందా? కోపం మీద ఉంది కూడాను.

మర్నాడు సాయంత్రం క్రషర్‌లో బళ్లు పల్చబడ్డాయి. కామేశం కాటా గదిలో కూర్చుని క్యారేజీ విప్పాడు. అప్పుడే లోడు తూకానికి వెస్లీ వచ్చాడు. పెనుగంచిప్రోలు మనిషి, టిప్పర్ తోలుతాడు. మూడేళ్ల కిందట ఒక లోడు కాటా ఎక్కించకుండా పక్క డొంకలోంచి తోలుకుపోబోతే, తడి మట్టిలో టైరు గుర్తులు చూసి పట్టుకున్నది కామేశమే. యజమానికి చెప్పి పదిహేను రోజులు పనిలోంచి ఆపించాడు కూడా. ఆ తర్వాత ఎందుకో ఇద్దరికీ స్నేహం కుదిరింది. వెస్లీ వారానికి నాలుగు రోజులు కోడి తింటాడు, చింతబరికెలా ఉంటాడు. కామేశానికి అదొక అనుమానం.

వెస్లీ కిటికీలోంచి లోపలికి చూశాడు. ఒక గిన్నెలో జీడిపప్పు ఉప్మా, నెయ్యి తేలుతోంది. ఇంకోదాంట్లో నాలుగు పెసరట్లు, అల్లప్పచ్చడి. మూడోదాంట్లో బెల్లం వేసిన అటుకులు. పక్కన రెండు అరటిపళ్లు, చిన్న సీసాలో పాలు.

"ఏంది పంతులుగారూ, ఇవాళ ఉపవాసమన్నారే?"

"ఉపవాసమేరా. ఇది ఫలహారం."

"మా ఇంట్లో పెళ్లికి కూడా ఇన్ని గిన్నెలు పెట్టలేదండీ. సరే, మధ్యాహ్నం ఏం తిన్నారు?"

"సగ్గుబియ్యం ఉప్మా. ఊరికే గుప్పెడు పల్లీలేసి."

"ఇయన్నీ ఆ ఫోన్లో కొట్టారా?"

"ఫలహారం కొట్టేదేంట్రా. అన్నం తినలేదు కదా."

వెస్లీ నవ్వలేదు. కిటికీ చువ్వ పట్టుకుని ఇంకాస్త ముందుకి వంగాడు.

"పంతులుగారూ, నన్ను ఆరోజు డొంక కాడ పట్టుకున్నారుగా. నేనేం చెప్పా మీకు? కంకర కాదండీ, రాతి డస్టు అండీ, డస్టుకి కాటా ఎందుకండీ అన్నా. మీరు ఊరుకున్నారా?"

కామేశం చేతిలో పెసరట్టు ముక్కని తిరిగి గిన్నెలో పెట్టాడు.

"డస్టుకి బరువుండదా ఏంరా అన్నారు నన్ను," అని వెస్లీ బండి దగ్గరికి నడిచాడు. "ముందు నా లోడు చూడండి, చీకటి పడకముందే బోవాల."

కామేశం లేచి బండి చుట్టూ తిరిగొచ్చి, తూకం వేసి, చీటీ ఇచ్చి పంపాడు. తర్వాత గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు. సామాన్లు తూచే చిన్న కాటా బల్లమీద పెట్టి గిన్నెల్లోవి మూతలో వేసి ఒక్కొక్కటే ఎక్కించాడు. ముందే ఖాళీ మూత తూచి ఆ బరువు లెక్కలోంచి తీసేశాడు, అలవాటు కదా. ఉప్మా, పెసరట్లు, అటుకులు, పళ్లు, పాలు. మధ్యాహ్నం సగ్గుబియ్యం గుర్తున్నంత. అన్నీ ఫోన్లో ఎక్కించాడు.

ఫోను ఎర్రబడింది. రెండు వేల ఎనిమిది వందలు. ఇంకా పొద్దుట తాగిన బెల్లం కాఫీలు ఎక్కించలేదు.

పాతికేళ్ల శనివారాలు కళ్ల ముందు వరసగా, కాటా ఎక్కకుండా, డొంకలోంచి వెళ్లిపోయాయి.

ఇంటికి వెళ్లాక కాళ్లు కడుక్కుని తిన్నగా వంటింట్లోకి నడిచాడు. చూడామణి పొయ్యి గట్టు తుడుస్తోంది, తల తిప్పలేదు. ఆయన నూనె డబ్బా దించి, తడి గుడ్డతో గీతని రుద్దాడు. పెన్ను గీత ఒక పట్టాన పోలేదు.

"సబ్బు పెట్టండి," అందామె అటు తిరిగే.

"ఫలహారం ఇక ఒక్కటి చాలే. ఉప్మా అయితే ఉప్మా. నెయ్యి నేనే పోసుకుంటా."

"నేను మొదట్లోనే అన్నాగా, ఇన్ని వద్దూ అని. ఉపవాసం ఉన్నవాణ్ణి కడుపు మాడుస్తావా అన్నారు."

అని ఉంటాడు. ఆయనకి గుర్తు లేదు. గుర్తు లేకపోయినా ఈ ఒక్కసారికి నమ్మాడు.

ఆగస్టు చివర్లో ఇద్దరూ బస్సెక్కి నందిగామ వెళ్లారు. అమూల్య ఆసుపత్రి దగ్గరికి వచ్చింది. కామేశం చెప్పులు విప్పి, జేబులో ఫోనూ తాళాలూ తీసి కూతురికిచ్చి, డాక్టరు కాటా ఎక్కాడు. ఎనభై రెండూ నాలుగు వందలు. తగ్గాల్సిన ఆరు కిలోలకి నాలుగు వందల గ్రాములు తక్కువ పడింది.

డాక్టరు షుగర్ రిపోర్టు రెండుసార్లు చూశాడు. "బాగా దిగిందండీ. సూది ఇప్పుడేం వద్దు, మాత్రలే కానివ్వండి. ఇంకో మూడు నెలలకి మళ్లీ రండి. ఇలాగే ఉండాలి, వదిలేస్తే మళ్లీ మొదటికొస్తుంది."

చూడామణి కొంగుతో మొహం తుడుచుకుంది. కామేశం మాత్రం ఇంకా ఆ కాటా వైపే చూస్తున్నాడు. వంగి దాని వెనక పక్క పరిశీలించాడు.

"డాక్టరుగారూ, దీనికి ముద్ర ఎప్పుడు వేయించారు?"

"నాన్నా, రా," అని అమూల్య చెయ్యి పట్టుకుని లాగింది.

గుమ్మం దాటుతూ ఆయన భార్యతో గుసగుసలాడాడు. "ఇంటి కాటాలో పొద్దున ఎనభై రెండే ఉందే. వీళ్లది నాలుగు వందలు ఎక్కువ చూపిస్తోంది."

"పొద్దున కాటా దిగాక ఇడ్లీలు తిన్నారు. బస్సెక్కేముందు చెంబుడు నీళ్లు తాగారు," అంది చూడామణి.

కామేశం కూతురి చేతిలోంచి ఫోను తీసుకున్నాడు. ఆ ఇడ్లీలు ఎక్కించాడో లేదో చూసుకున్నాడు.